పేరున్న కాగితం, చేతిరాత ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత పేరు అచ్చు వేయించిన కాగితం మీద ఇంకు పెన్నుతో ఉత్తరాలు రాయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. అవి అందుకున్న బంధువులు, స్నేహితులు కొన్నాళ్లకు తామూ అలాంటి కాగితం చేయించుకుంటామని అడుగుతారు, ఆ తరువాత అందరికీ అవే సందేహాలు వస్తాయి. వాటిని ఒకచోట చేర్చి, పని జరిగే దశల ప్రకారం ఇక్కడ పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక ఎవరికి కావలసినది వారు నేరుగా చదువుకోవచ్చు. దుకాణాలలో చూపించే నమూనాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు రాతను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. తెలుగులో రాసేవారి కాగితం తెలుగు అక్షరానికి తగినట్టు ఉండాలన్నదే ఈ జవాబులన్నిటిలోనూ నా పక్షపాతం.

## మొదలుపెట్టే ముందు

ఫోనులో క్షణంలో సందేశం పంపగలిగినప్పుడు ఇంత శ్రమ ఎందుకు?

అన్నిటికీ అవసరం లేదు. రైలు ఎన్ని గంటలకు వస్తుందో చెప్పడానికి ఫోనే మేలు. సమాధానం వెంటనే రానక్కరలేని మాటలకు, అవతలివారు మళ్లీ తీసి చదువుకోవాలని మీరు కోరుకునే మాటలకు మాత్రం ఉత్తరం పనికివస్తుంది. ఈ తేడా తెలిస్తే నెలకు రెండు మూడు ఉత్తరాలకు మించి రాయవలసిన పని ఎవరికీ పడదు.

మొదటిసారి ఏమేమి చేయించుకోవాలి? పూర్తి సెట్టు కావాలా?

సెట్టు వద్దు. ఏ5 కొలతలో, అంటే మామూలు ఏ4లో సగం కొలతలో, పేరున్న కాగితాలు నూరు, అదే కొలతలో పేరు లేని ఖాళీ కాగితాలు నూరు, వాటికి సరిపడే కవర్లు నూరు ఉంటే ఒక మనిషికి రెండేళ్లకు పైగానే వస్తాయి. ఖాళీ కాగితాలు ఎందుకంటే, ఉత్తరం రెండో పేజీకి పాకినప్పుడు దాని నెత్తిన మళ్లీ పేరు, చిరునామా ఉంటే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. రెండో పేజీని అదే రకం ఖాళీ కాగితం మీద రాయడం పాత పద్ధతి, మంచి పద్ధతి కూడా. నాలుగు వాక్యాలతో ముగిసే కృతజ్ఞతలకు ఏ5లో సగముండే ఏ6 కొలత కార్డులు ఏభై చేయించుకోవచ్చు, కానీ అవి రెండో విడతలో చూసుకున్నా ఫరవాలేదు.

నా చేతిరాత అసలు బాగుండదు. అయినా రాయవచ్చా?

రాయవచ్చు. అందంగా ఉండటం కన్నా చదవడానికి వీలుగా ఉండటం ముఖ్యం. తెలుగు రాత పాడయ్యేది ఎక్కువగా రెండుచోట్ల: తలకట్టును తొందరలో మింగేయడం, ఒత్తును పై అక్షరానికి మరీ అతికించేయడం. ఈ రెండూ సరిచేసుకుని, ఇప్పుడు రాసే వేగాన్ని సగానికి తగ్గించుకుంటే వారం రోజుల్లో తేడా మీకే కనిపిస్తుంది.

## కాగితం, కవరు

జీఎస్‌ఎం అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. జిరాక్సు దుకాణాలలో వాడేది 70 నుంచి 80. ఉత్తరాలకు 90 నుంచి 120 వరకు, కార్డులకు 250 నుంచి 350 వరకు తీసుకుంటారు. నా ఓటు 100కే, ఎందుకంటే మడత పెట్టినప్పుడు వంగుతుంది, చేతిలో పట్టుకున్నప్పుడు నిలుస్తుంది, కింద గీతల కాగితం పెడితే గీతలు పైకి కనిపిస్తాయి. 120 దాటితే ఈ చివరి సౌకర్యం పోతుంది.

ఖరీదైన కాగితమే కొన్నాను, అయినా సిరా పాకుతోంది. ఎందుకు?

మందానికీ సిరాను ఆపే గుణానికీ సంబంధం లేదు. కాగితం తయారయ్యేటప్పుడు గంజి వంటి పదార్థాన్ని దానికి పట్టిస్తారు, ఆ పూతే సిరాను పీచులోకి ఇంకిపోకుండా పైన నిలుపుతుంది. పూత చాలకపోతే అక్షరం అంచులు వేళ్లు తన్నినట్టు చెదురుతాయి, లేదా సిరా వెనకవైపుకు దిగిపోతుంది. ఇందుకు పూర్తిగా ఎదురు రకం ఆర్ట్ పేపర్. నున్నగా, మెరుస్తూ ఉండే ఆ పూత సిరాను అసలు పీల్చుకోదు, పది నిమిషాల తరువాత వేలు తగిలినా అక్షరం అలుక్కుపోతుంది. దుకాణదారు "మంచి క్వాలిటీ" అని ఆర్ట్ పేపరే ముందు చూపిస్తాడు. పెన్ను వెంట తీసుకువెళ్లి, ఒక ముక్క అడిగి, దాని మీద "స్త్రీ", "రాష్ట్రం" అని రాసి, ఆరాక వెనక్కి తిప్పి చూడండి. బాండ్ పేపర్లలోనూ, పుస్తకాల అచ్చుకు వాడే మ్యాప్‌లిథో కాగితంలోనూ తయారీని బట్టి ఈ గుణం మారుతుంది కాబట్టి రీము కొనేముందు ఒక దస్తా తెచ్చుకుని వాడి చూడటం తెలివైన పని.

ఏ కాగితానికి ఏ కవరు సరిపోతుంది?

ఏ5 కాగితం 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దానిని ఒకే మడత పెడితే ఏ6 అవుతుంది, అది 114 మిల్లీమీటర్లు, 162 మిల్లీమీటర్లు ఉండే సీ6 కవరులో చక్కగా కూర్చుంటుంది. ఏ6 కార్డుకు కూడా అదే కవరు చాలు, అంటే కాగితానికీ కార్డుకూ ఒకే కవరు. ఏ4 కాగితాన్ని మూడు సమభాగాలుగా మడిస్తే 110 మిల్లీమీటర్లు, 220 మిల్లీమీటర్లు ఉండే డీఎల్ కవరు కావాలి. మన ఊళ్లలో కవర్లను అంగుళాలలో అమ్ముతారు, అందుచేత సీ6 అని అడిగితే చాలాచోట్ల తెల్లమొహం వేస్తారు. మడిచిన కాగితాన్నే చేతిలో పట్టుకుని వెళ్లి, దానికన్నా అన్ని వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉన్న కవరు ఎంచుకోండి. దొరకకపోతే అచ్చు వేసేవారే అదే కాగితంతో కవర్లు కోసి అతికించి ఇస్తారు.

చేతితో చేసిన కాగితం వాడవచ్చా?

వాడవచ్చు, అయితే తెలిసి వాడాలి. జైపూర్ దగ్గరి సంగానేర్‌లో కాగ్జీలనే కాగితపు పనివారు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు, పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమానికి చెందిన చేతికాగితపు కేంద్రం ఉంది. బనియన్ల బట్టల కత్తిరింపుల వంటి నూలు ముక్కలను గుజ్జుగా చేసి ఈ కాగితాన్ని తీస్తారు. చెట్ల గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఇందులో లేనందున తొందరగా పసుపు రంగుకు తిరగదు. ఇబ్బంది ఎక్కడంటే, గరుకుగా ఉన్న రకం మీద సన్నని పాళీ పీచును గీరి నోట కరుచుకుంటుంది, ఆ తరువాత గీసిన ప్రతి గీతా బొద్దుగా పడుతుంది. పూల రేకులు, గడ్డిపరకలు కలిపిన రకాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, రాయడానికి మాత్రం పనికిరావు. నున్నగా వత్తిన రకం అడగండి. అంచులు సహజంగా చెదిరి ఉన్న కాగితాన్ని కత్తిరించకుండా వదిలేయడమే అందం.

గీతలున్న కాగితమా, లేనిదా?

అడిగినవారందరికీ నేను ఎక్కువసేపు జవాబు చెప్పేది దీనికే. పైకి గుడి, కిందికి ఒత్తు, ఒత్తు కింద మరో ఒత్తు వచ్చే లిపి మనది. "శాస్త్రి" అన్న మాటలో త ఒత్తు, ర ఒత్తు రెండూ స కిందికి చేరి పై గీతనుంచి కింది గీతవరకు చోటు అడుగుతాయి. నోటుపుస్తకాలలో మామూలుగా గీతకూ గీతకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు మాత్రం పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను గుద్దుకుని, పేజీ మొత్తం చిక్కుపడిన దారంలా తయారవుతుంది. పది లేదా పదకొండు మిల్లీమీటర్లు ఉంచితే అదే చేతిరాత ఒక్కసారిగా బాగుపడినట్టు కనిపిస్తుంది.

అయితే గీతలను కాగితం మీద అచ్చు వేయించవద్దు. ఒక మందపాటి తెల్లకాగితం మీద నల్ల సిరాతో పది మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున గీసి, దానిని రాసే కాగితం కింద పెట్టుకోండి. జారకుండా రెండు క్లిప్పులు పెడితే చాలు. పైన పేరు కోసం 35 మిల్లీమీటర్లు, కింద 15 మిల్లీమీటర్లు వదిలితే ఏ5 పేజీలో పదహారు వరుసలు వస్తాయి. ఎడమవైపు రెండు వేళ్లంత అంచు వదిలే అలవాటు మనకు ఎలాగూ ఉంది.

## పేరు, అచ్చు

పేరులోని పొడి అక్షరాలతో మోనోగ్రామ్ చేయించుకోవచ్చా?

మూడు పొడి అక్షరాలను అల్లి, మధ్యలో ఇంటిపేరు అక్షరాన్ని పెద్దదిగా పెట్టడం పడమటి దేశాల పద్ధతి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఒకే మనిషికి రెండు మూడు పేర్లు కలిసి ఉంటాయి, అందుచేత ఆ అల్లిక చూసి ఎవరూ మిమ్మల్ని పోల్చుకోలేరు. తెలుగులో ఒక్క అక్షరమే చాలు. గుండ్రని మన అక్షరం తనంతట తానే ముద్రలా ఉంటుంది. "జ", "ఖ", "ఋ" వంటివి పెద్దదిగా వేస్తే చూడముచ్చటగా ఉంటాయి. శ్రీనివాస, శ్రీదేవి వంటి పేర్లవారికి ఒక చిక్కుంది. "శ్రీ" అని ఒక్క అక్షరం పైన వేస్తే అది మీ పేరని ఎవరూ అనుకోరు, ఉత్తరానికి శ్రీకారం చుట్టారనుకుంటారు. అటువంటివారు రెండో అక్షరం కూడా కలుపుకోవాలి.

కాగితం మీద ఏమేమి ఉండాలి? ఫోన్ నంబరు పెట్టాలా?

పేరు, ఊరు ఉంటే చాలు. పూర్తి చిరునామా కవరు వెనక ఫ్లాపు మీద ఉంటుంది. ఫోన్ నంబరు, ఈమెయిలు, ఉద్యోగం, డిగ్రీలు చేరితే అది వ్యాపార సంస్థ లెటర్‌హెడ్ అయిపోతుంది, చదివేవారు బిల్లు కోసం వెతుక్కుంటారు. అద్దె ఇంట్లో ఉన్నవారు చిరునామాను అచ్చు వేయించవద్దు. నేను వేయించిన నాలుగు నెలలకే ఇల్లు మారవలసి వచ్చింది.

మా పేరును తెలుగులో అచ్చు వేయిస్తే ఒత్తులు విడిపోయాయి. తప్పు ఎవరిది?

చాలాసార్లు తప్పు మార్పిడిలో జరుగుతుంది. మనం ఫోనులో యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర పద్ధతిలో టైపు చేసి పంపుతాం. డీటీపీ కేంద్రాలలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, వేరే పద్ధతిలో నడిచే అను ఫాంట్లతో పనిచేస్తారు. యూనికోడ్ పాఠాన్ని ఆ పద్ధతిలోకి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. ఫొటోషాప్ వంటి వాటిలోనూ భారతీయ లిపుల కోసం ఉన్న అమరికను ఎంచుకోకపోతే ఒత్తు పక్కకు వచ్చి కూర్చుంటుంది. నా కాగితం మొదటి విడతలో మా వీధి పేరులోని "లక్ష్మీ" కాస్తా విడిపోయి, క్ష పొల్లుతో, మీ దాని పక్కన విడిగా అచ్చయింది. నమూనాను ఫోను తెర మీద, వీధిలో నడుస్తూ చూసి సరే అన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అప్పటినుంచి అసలు కొలతలో కాగితం మీద తీసిన నమూనా చూడనిదే ఒప్పుకోవడం లేదు. మీరే యూనికోడ్‌లో తయారుచేసి, అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇస్తే ఈ బాధ ఉండదు.

ఏ తెలుగు ఫాంటు బాగుంటుంది?

సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ విడుదల చేసిన ఫాంట్లలో సురన్న, మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన, గిడుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. పేరుకు సురన్న హుందాగా ఉంటుంది, ఊరి పేరు వంటి చిన్న వరుసకు మండలి తేటగా ఉంటుంది. రామభద్ర బాగా లావు కాబట్టి ఉత్తరం కాగితం మీద గొంతు పెంచినట్టు అనిపిస్తుంది. నిజానికి అన్నిటికన్నా మంచిది మీ చేతిరాతే. తెల్లకాగితం మీద నల్ల సిరాతో మీ పేరును ఇరవైసార్లు రాసి, వాటిలో కుదిరిన ఒకదానిని స్కాన్ చేసి అచ్చుకు ఇవ్వండి.

ఆఫ్‌సెట్, స్క్రీన్, డిజిటల్, లెటర్‌ప్రెస్: ఏది?

ఎన్ని కాపీలన్నదే ముందు చూడాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు నూటికైనా వెయ్యికైనా ఒకటే, అందుచేత కొద్ది కాపీలకు గిట్టదు. డిజిటల్ ఇరవై అయిదు కాపీలకైనా వేస్తారు, కానీ గరుకు కాగితం మీద అందులో సిరాకు బదులు వాడే రంగు పొడి సరిగా అంటక, మడత దగ్గర పెచ్చులు లేస్తుంది. నూరు, రెండు వందల కాపీలకు స్క్రీన్ ప్రింటింగ్ నాకు నచ్చినది. సిరా మందంగా కూర్చుంటుంది, చేతికాగితం మీద కూడా పడుతుంది, పెళ్లికార్డులు వేసే ప్రతి ఊళ్లోనూ ఈ పని వచ్చినవారు ఉంటారు. హైదరాబాదులో ఛత్తా బజార్ ఈ పనికి పాత చిరునామా.

లెటర్‌ప్రెస్ అంటే అచ్చు కాగితంలోకి దిగి వేలికి తగలడం. అలా అచ్చువేసే ట్రెడిల్ అనే పాత యంత్రాలు ఇప్పుడు ఎక్కువగా బిల్లుపుస్తకాల నంబర్లకూ, కార్డులకు మడత గీత నొక్కడానికీ మిగిలాయి. అటువంటి యంత్రమున్న ప్రెస్సు కనబడితే, మీ అక్షరానికి బ్లాకు చేయించి ఇచ్చి, సిరా లేకుండా ఊరికే నొక్కమని అడిగి చూడండి. తెల్లటి కాగితం మీద నీడ మాత్రమే కనిపించే ఆ అక్షరం ముందు బంగారు ఫాయిల్ వెలవెలబోతుంది. ఫాయిల్ వేయించాలనే ఉంటే అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు, లేకపోతే ఒత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

## కలం, సిరా

ఇంకు పెన్నే కావాలా? బాల్ పెన్నుతో రాస్తే తప్పా?

తప్పేమీ లేదు. ఇంకు పెన్నును నొక్కవలసిన పని లేదు కాబట్టి నాలుగు పేజీలు రాసినా వేలు నొప్పిపుట్టదు, అందుకని దానిని ఇష్టపడతాను. తెలుగుకు సన్నని లేదా మధ్యరకం పాళీ తీసుకోండి. వెడల్పు పాళీతో రాస్తే "ఠ", "థ", "ధ" లోపలి చుక్కలూ గీతలూ పూడిపోయి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. మన దగ్గర దొరికే వాటిలో రాజమహేంద్రవరం రత్నం పెన్నులకు చరిత్ర ఉంది. కె.వి. రత్నం గారు చేసి పంపిన స్వదేశీ కలం అందుకుని గాంధీజీ 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేతిపని మీద తయారయ్యే ఆ రకం కలాలను మరవిప్పి, డ్రాపరుతో సిరా పోసి వాడతారు. సిరా బాగా అడుగంటినప్పుడు చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్కలు రాల్చడం ఈ రకానికి ఉన్న గుణం, కాబట్టి సగానికి తగ్గగానే మళ్లీ నింపుకోండి.

ఏ సిరా వాడాలి?

బ్రిల్, కామ్లిన్, సులేఖ వంటి దేశీ సిరాలు రోజువారీ ఉత్తరాలకు హాయిగా సరిపోతాయి. మామూలు రాయల్ బ్లూ నీటికి కరిగిపోతుంది, ఎండకు వెలుస్తుంది. పదికాలాలు ఉండాలనుకునే ఉత్తరానికి నీటికి చెదరని రకం చూసుకోవాలి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకును మాత్రం ఇంకు పెన్నులో ఎప్పుడూ పోయవద్దు, అందులోని లక్క వంటి పదార్థం గట్టిపడి పాళీ దారిని మూసేస్తుంది. కవరు మీద చిరునామాకు బాల్ పెన్నే వాడండి. మన వానలకు తట్టుకునేది అదే.

## రాసేటప్పుడు

పెద్దలకు ఎలా సంబోధించాలి? పాత పద్ధతి పాటించాలా?

పై కుడిమూలన ఊరు, తేదీ, మధ్యన "శ్రీ", ఆపైన "పూజ్యులైన పెదనాన్న గారికి నమస్కరించి రాయునది" అన్న ఎత్తుగడ ఇప్పటికీ చెవికి ఇంపుగానే ఉంటుంది. చిన్నవారికి "చిరంజీవి ఫలానాకు ఆశీర్వదించి రాయునది" అంటాం. "ఉభయకుశలోపరి" అన్న మాట వెనక ఇరువైపులా క్షేమం, ఇక అసలు విషయమని చెప్పే సొగసైన పొదుపు ఉంది. దానిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. "మహారాజరాజశ్రీ" ఈ రోజుల్లో వేళాకోళంలా వినిపిస్తుంది, స్నేహితులకు సరదాగా వాడుకోవచ్చు. భర్త పోయిన స్త్రీని "గంగాభాగీరథీ సమానురాలైన" అని సంబోధించే ఆచారాన్ని మాత్రం పూర్తిగా మానేయాలి. ఎంత గౌరవంగా అన్నా అది ప్రతి ఉత్తరంలోనూ ఆమె దుఃఖాన్ని మొదటి వరుసలో పెట్టడమే. "అత్తయ్య గారికి" అంటే సరిపోతుంది.

కూర్చుంటే ఏం రాయాలో తోచదు. ఏం చేయాలి?

మీ క్షేమసమాచారాలతో మొదలుపెడితే మూడో వాక్యానికే ఆగిపోతారు. వారికి సంబంధించిన ఒక్క చిన్న విషయంతో మొదలుపెట్టండి. "మీరు పంపిన మాగాయ జాడీ నిన్న అడుగు తేలింది, మిగిలిన ఊటలో వేడన్నం కలుపుకుని తిన్నాము" అని రాస్తే ఇక ఆ ఉత్తరం దానంతట అదే నడుస్తుంది. ఏ5 కాగితం ఒకవైపు నింపడానికి ఎనభై, తొంభై మాటలు చాలు.

పరామర్శ ఉత్తరం ఎలా రాయాలి?

ఇందులో "శ్రీ" పెట్టరు, పసుపు రాయరు, రంగు కాగితం, బంగారు అచ్చు ఉన్న కాగితం వాడరు. వెనకటి రోజుల్లో చావు కబురు తెచ్చిన కార్డు మూల చించి ఉండేది, చదివిన వెంటనే దానిని చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. ఆ జ్ఞాపకం ఉన్న పెద్దలు ఇంకా ఉన్నారు కనుక, మరణవార్తను తెలియజేసే ఉత్తరానికీ ఓదార్పుగా రాసే ఉత్తరానికీ తేడా తెలిసేలా రాయాలి. పోయినవారిని గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి చెప్పండి. వారు మీకు సైకిలు నేర్పారా, ఫలానా రోజు అన్నం పెట్టి పంపారా, అది రాయండి. "అంతా విధి", "ఆయన అదృష్టవంతుడు, బాధపడకుండా పోయాడు" వంటి మాటలు వద్దు. "ఏ సహాయం కావాలన్నా చెప్పండి" అనడం కన్నా "పెద్దకర్మకు ముందురోజు వచ్చి వంటపని చూసుకుంటాను" అనడం మేలు. పదకొండు, పన్నెండు రోజుల హడావుడి ముగిసి ఇల్లు ఖాళీ అయ్యాక చేరే ఉత్తరాన్నే నిజంగా చదువుతారు, అందుచేత ఆలస్యమైందని మానేయవద్దు.

ఉత్తరానికి పసుపు ఎప్పుడు రాయాలి?

పెళ్లి, గృహప్రవేశం, పుట్టినబిడ్డ వంటి శుభవార్తలకు నాలుగు మూలలా రాస్తారు. తడి పసుపు సిరాను చెదరగొడుతుంది. అక్షరాలు పూర్తిగా ఆరాక, పొడి పసుపును వేలితో అద్ది అంచుల మీద మాత్రమే రుద్దండి.

తప్పు పడితే మొత్తం మళ్లీ రాయాలా?

ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైన మాట రాస్తే చాలు. తెల్ల కరెక్షన్ సిరా మాత్రం పూయవద్దు, అది మాట కన్నా పెద్ద మచ్చగా మిగులుతుంది. అవతలివారి పేరులో తప్పు పడితే, లేదా అది పరామర్శ ఉత్తరమైతే తిరిగి రాయండి.

మా పిల్లలు అమెరికాలో పెరిగారు, తెలుగు రాయలేరు. తాతయ్యకు ఇంగ్లీషులో రాయవచ్చా?

రాయనివ్వండి. "తాతయ్య గారికి" అన్న సంబోధన, కింద తమ పేరు, ఈ రెండూ మాత్రం తెలుగులో రాయించండి. ఆరేడు అక్షరాలు నేర్చుకుంటే సరిపోయే పని ఇది. వంకరగా వచ్చినా దిద్దవద్దు. తాతయ్యలు ఆ వంకర అక్షరాలనే పక్కింటివారికి చూపిస్తారు.

## పంపేటప్పుడు

ఎన్ని కాగితాల వరకు ఒక స్టాంపు సరిపోతుంది?

మామూలు ఉత్తరానికి తొలి 20 గ్రాములకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకు మరో 5 రూపాయలు. 100 జీఎస్‌ఎం ఏ5 కాగితం ఒక్కొక్కటి మూడు గ్రాములకు కొంచెం పైన ఉంటుంది, కవరు నాలుగైదు గ్రాములు. అంటే నాలుగు కాగితాలు నిశ్చింతగా వెళతాయి, అయిదోది అంచున ఉంటుంది. తక్కువ స్టాంపు అంటిస్తే ఆ లోటుకు రెట్టింపు అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారు, అది మీకే నామోషీ. స్టాంపు మీద కూడా మీ బొమ్మ ఉండాలనుకుంటే తపాలాశాఖ "మై స్టాంప్" పథకం కింద పన్నెండు స్టాంపుల షీటు వేసి ఇస్తుంది.

చిరునామా తెలుగులో రాస్తే చేరుతుందా?

రెండు తెలుగు రాష్ట్రాలలో చేరుతుంది, నేను అలాగే రాస్తాను. రాష్ట్రం దాటితే ఇంగ్లీషులో రాయడం క్షేమం. ఏ భాషలో రాసినా పిన్‌కోడ్ తప్పకూడదు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల పద్ధతిలో మొదటి మూడు అంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడూ తపాలా కార్యాలయాన్ని చెబుతాయి. 500 అంటే హైదరాబాదు, 520 విజయవాడ వైపు, 530 విశాఖ వైపు. అంకె తప్పితే మంచి కాగితం, మంచి సిరా అన్నీ వేరే ఊరు చూసి వస్తాయి.

కవరుకు లక్క ముద్ర వేయవచ్చా?

లోపలి కాగితానికి వేసుకోండి. కవరు పైన వేస్తే సంచులలో నలిగి, స్టాంపు మీద ముద్ర కొట్టేటప్పుడు పగిలి, పొడి మాత్రమే చేరుతుంది.

అమెరికా నుంచి ఇండియాకు పంపుతున్నాం. ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఉన్నాయా?

చదరపు కవర్లు కొనవద్దు. అమెరికా తపాలాలో అవి యంత్రంలో నడవవని అదనపు రుసుము తీసుకుంటారు, లోపల గట్టి వస్తువు ఉన్నా అంతే. కవరు మీద చివరి వరుసలో ఇండియా అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో రాయండి. అందుకునేవారి ఫోన్ నంబరును చిరునామా కింద చేర్చడం మన ఊళ్లలో బాగా పనిచేస్తుంది, ఇల్లు దొరకకపోతే పోస్టుమాన్ ఫోను చేస్తారు.

తప్పక చేరాలంటే రిజిస్టర్ చేయాలా?

విడిగా రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు లేదు, 2025లో దానిని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ముఖ్యమైన ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి.

## దాచుకునేటప్పుడు

పాత ఇన్‌లాండ్ ఉత్తరాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. టేపు అంటించవచ్చా?

వద్దు. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు జిగురుగా మారి కాగితంలోకి దిగుతుంది, దాని కింది అక్షరాలు మళ్లీ రావు. ల్యామినేషన్ కూడా అంతే. మడతలు విప్పి, చదునుగా పరిచి, ఒక్కొక్కటి మంచి తెల్లకాగితం మధ్య పెట్టి పెట్టెలో ఉంచండి. మా అమ్మమ్మ ఇన్‌లాండ్ లెటర్లలో అంచుల చుట్టూ, జిగురు పూసే మడత మీద కూడా రాసేది. తొందరపడి వేలితో చించి తెరిచినందువల్ల ఆ మడత మీది చివరి మాటలు చాలా ఉత్తరాలలో సగం సగమే ఉన్నాయి. "ఈసారి వచ్చేటప్పుడు" అని ఒకచోట ఆగిపోయింది, ఏం తెమ్మందో ఇప్పటికీ తెలియదు. మీకు వచ్చే ఉత్తరాలను బ్లేడుతో, నెమ్మదిగా తెరవండి.

పురుగు పట్టకుండా ఏం చేయాలి?

కోస్తా తేమలో ఇనుప బీరువా అడుగు అర అన్నిటికన్నా చెడ్డ చోటు. గాలి ఆడే పై అరలో, అట్టపెట్టెలో ఉంచి, ఏడాదికి రెండుసార్లు తీసి నీడపట్టున ఆరబెట్టండి. ఎండలో పెడితే సిరా వెలుస్తుంది. ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి వేయండి, కాగితానికి నేరుగా తగిలితే మరక పడుతుంది. స్టీలు క్లిప్పులు, గుండుసూదులు తీసేయండి.

ఇల్లు మారాము. పాత చిరునామాతో అచ్చయిన కాగితం చాలా మిగిలింది. పారేయాలా?

పాత చిరునామాను ఒక సన్నని గీతతో కొట్టేసి, దాని కింద కొత్తది చేతితో రాసి పంపండి. కొత్త ఇంటినుంచి వెళ్లే మొదటి ఏడాది ఉత్తరాలకు అదే మంచి కబురు కూడా అవుతుంది. అలా చేయడం ఇష్టం లేకపోతే, పేరున్న పై భాగాన్ని కట్టరుతో కోయించి మిగతాది రెండో పేజీలకు వాడుకోండి. నా దగ్గర "లక్ష్మీ" విడిపోయిన కాగితాలు ఇంకా పాతిక వరకు ఉన్నాయి, వాటి వెనక కిరాణా చిట్టీలు రాస్తున్నాము.